పిల్లల వెన్నులో రాడ్లు, స్క్రూలు వేయిస్తున్నారా? వేయించే ముందు ఏం అడగాలి, వేయించాక ఏం దాచుకోవాలి

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు నన్ను ఒకటే మాట అడుగుతున్నారు. "పాపకి నడుం వంకర ఉందండి, రాడ్లు వేయాలంటున్నారు. ఆ ఇనుము ఒంట్లో ఉండిపోతే ప్రమాదం కాదాండీ?" ఎంతమందికి విడివిడిగా చెప్పినా మళ్లీ అదే ప్రశ్న వస్తోంది. అందుకని ఫిజియోథెరపిస్టుగా నాకు తెలిసింది వరసగా ఒకచోట రాస్తున్నాను. ఆపరేషన్ చేయించాలా వద్దా అన్నది స్పైన్ సర్జన్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. చేయించాలని తేలాక మీ చేతిలో ఉండే జాగ్రత్తలు మాత్రమే ఇక్కడ చెబుతాను.

సూటిగా జవాబు చెప్పాలంటే, వెన్నులో వేసే టైటానియం, కోబాల్ట్ క్రోమ్ లోహాలు ఒంటికి పడేవే. దశాబ్దాలుగా వాడుతున్నారు. నన్ను కలవరపెట్టేది లోహం కాదు. బిడ్డ వీపులో ఏ కంపెనీ సరుకు ఉందో, ఏ బ్యాచ్‌దో, ఎన్ని స్క్రూలు ఉన్నాయో చెప్పే కాగితం ఒక్కటి కూడా ఇంట్లో లేకపోవడం నన్ను కలవరపెడుతుంది. ఏదైనా తేడా వచ్చిన రోజున ఆ కాగితమే దిక్కు.

దగ్గర పెట్టుకోవలసినవి

- గట్టి ప్లాస్టిక్ ఫైలు ఒకటి, ప్రశ్నలు రాసుకోవడానికి నోటుపుస్తకం ఒకటి
- ఇప్పటిదాకా తీసిన ఎక్స్-రేలన్నీ, తేదీల వరసలో
- బిడ్డకి ఉన్న ఇతర జబ్బులు, అలర్జీలు, వాడుతున్న మందుల పట్టీ. గిల్టు కమ్మలు పెడితే చెవులు పుండ్లు పడతాయా? అదీ రాయండి. నికెల్ పడని పిల్లలు కొందరుంటారు, స్టెయిన్‌లెస్ స్టీల్ ఇంప్లాంట్లలో (ఒంట్లో వేసే రాడ్లు, స్క్రూల్లాంటివాటిలో) నికెల్ ఉంటుంది.
- డాక్టరు దగ్గరికి మీతో వచ్చే ఇంకో మనిషి. ఒకరు వింటుంటే ఒకరు రాసుకోవాలి.

1. వంపు ఎన్ని డిగ్రీలో తెలుసుకోండి

"కొంచెం ఎక్కువే ఉంది" అంటే సరిపోదు, అంకె కావాలి. దాన్ని కాబ్ యాంగిల్ అంటారు. 10 డిగ్రీలకు చేరితేనే స్కోలియోసిస్ (వెన్ను పక్కకి వంగే జబ్బు) కింద లెక్క. ఇంకా ఎదుగుతున్న పిల్లల్లో 25 నుంచి 40 మధ్య ఉంటే సాధారణంగా బెల్టు (ఒంటికి బిగించే గట్టి బ్రేస్) చెబుతారు. 45, 50 దాటాకే ఆపరేషన్ మాట వస్తుంది.

ఎక్స్-రే నిలబెట్టి తీయాలి. మెడ నుంచి తుంటి దాకా మొత్తం వెన్ను ఒకే ఫిల్ములో రావాలి. మన ఊళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. పడుకోబెట్టి తీస్తే వంపు తక్కువగా కనిపిస్తుంది. ముక్కలు ముక్కలుగా తీసిన ఫిల్ముల మీద కొలత కుదరదు. దగ్గర్లోని సెంటరులో పొడుగు ఫిల్ము లేదంటే కాకినాడో రాజమండ్రో వెళ్లి తీయించండి. ఇంకో సంగతి, ఇద్దరు డాక్టర్లు కొలిస్తే 5 డిగ్రీల తేడా రావడం మామూలే. ఒకరు 42, ఒకరు 46 అన్నారని వంపు పెరిగిపోయిందనుకోకండి.

బెల్టు వేసే దశలోనే ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2013లో వెలువడిన అమెరికా, కెనడా పిల్లల అధ్యయనంలో బెల్టు వాడినవాళ్లలో 72 శాతం మందికి వంపు 50 డిగ్రీలకు చేరకుండా ఆగింది. వాడనివాళ్లలో అలా ఆగింది 48 శాతం మందికే. అక్కడ రోజుకి 18 గంటలు వేసుకోమన్నారు. మన ఉక్కపోతలో అది కష్టమే, కాదనను. లోపల పల్చని నూలు బనియన్ వేసి, తడిసినప్పుడల్లా మార్చండి.

2. ఏం వేయబోతున్నారో పేరు పెట్టి అడగండి

"రాడ్లు" అన్నమాట ఒకటే గానీ వాటిలో రకాలున్నాయి. ఒక్కోదాని ప్రమాదం ఒక్కో తీరు.

పదేళ్లు దాటి, ఎదుగుదల చాలావరకు అయిపోయిన పిల్లలకి ఎక్కువగా చేసేది ఫ్యూజన్. స్క్రూలు బిగించి, రాడ్లతో వెన్నుని నిలబెట్టి, ఆ ఎముకలు ఒకదానితో ఒకటి అతుక్కునేలా చేస్తారు. అరటిచెట్టుకి పోటు పెట్టినట్టన్నమాట, ఎముక అతికేదాకా బరువు మోసేది రాడ్డు. అతకడానికి 6 నుంచి 12 నెలలు పడుతుంది. ఎముక అతక్కపోతే భారమంతా రాడ్డు మీదే పడి, ఏళ్ల తర్వాతైనా అది విరగొచ్చు.

చిన్నపిల్లలకి ఫ్యూజన్ చేసేస్తే వెన్నుతోపాటు ఛాతీ ఎదుగుదలా ఆగి, ఊపిరితిత్తులకి చోటు చాలదు. వాళ్లకి పెరిగే రాడ్లు వేస్తారు. పాత పద్ధతిలో సుమారు ఆరు నెలలకోసారి మత్తిచ్చి, కోసి, రాడ్డు పొడిగించాలి. రాడ్డు విరగడం, చీము పట్టడం ఈ పద్ధతిలో ఎక్కువ. మళ్లీ మళ్లీ ఆపరేషన్ ఉంటుందని ముందే తెలిసి దిగండి.

ఆ కోతలు తప్పించడానికి వచ్చినవి అయస్కాంతంతో పొడిగించే రాడ్లు. "ఫారిన్‌ది వేయిస్తే ఇక భయం లేదండి" అనేవాళ్లకి వీటి కథ చెబుతుంటాను. మ్యాజెక్ అనే ఈ రాడ్లకి అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. తర్వాత కొందరు పిల్లల్లో లోపలి పిన్ను విరగడం, చివరి మూత ఊడిరావడం, టైటానియం పొడి చుట్టూ ఉన్న కండలోకి చేరడం బయటపడ్డాయి. బ్రిటన్‌లో 2020లో వీటి సరఫరా ఆపించారు. 2021లో యూరప్ అనుమతి కొన్నాళ్లు నిలిచిపోయింది, అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ కూడా హెచ్చరిక విడుదల చేసింది. మీ బిడ్డకి అవి ఇప్పటికే ఉంటే కంగారుపడి తీయించేయకండి. ఏ మోడలో, ఎప్పుడు వేశారో కాగితం చూసుకుని సర్జన్‌ని కలవండి. ఎన్నాళ్లు ఉంచొచ్చో, ఎప్పుడెప్పుడు ఎక్స్-రే తీయాలో రాయించుకోండి.

వెన్ను కదలిక పోకుండా తాడులాంటిది బిగించే టెథర్ పద్ధతి కూడా ఉంది. దానికి అమెరికా అనుమతి 2019లో వచ్చింది. ఆ తాడు తెగడం అందులో బాగా తెలిసిన సమస్య. అందరికీ పనికొచ్చేది కాదు.

3. లైసెన్సు గురించి, "ఇది దీనికోసమే తయారైందా" అన్నదాని గురించి అడగండి

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో, పిల్లల ఆసుపత్రిలోనే, ముగ్గురు పిల్లల వెన్నులో మామూలు స్ప్రింగులు వేశారు. అవి ఒంట్లో పెట్టడానికి తయారైనవి కావు. అక్కడి ఆరోగ్య తనిఖీ సంస్థ నివేదిక 2025 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ స్టీలు తేమకి తుప్పు పట్టే రకం అని అందులో తేలింది. పెద్ద ఆసుపత్రి, పేరున్న దేశం. అయినా జరిగింది. మనం అడగడంలో తప్పేమీ లేదు.

మన దేశంలో ఈ సరుకు 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ కిందికి వస్తుంది. వెన్ను ఇంప్లాంట్లకి మందులని, వైద్య పరికరాలని నియంత్రించే కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ లైసెన్సు ఉండాలి. ఇక్కడ తయారైనవాటి మీద లైసెన్సు నంబరు ఎంఎఫ్‌జీ, ఎండీ అనే అక్షరాలతో, దిగుమతి అయినవాటి మీద ఐఎంపీ, ఎండీ అనే అక్షరాలతో మొదలవుతుంది. "ఎఫ్‌డీఏ అప్రూవ్డ్ అండి" అని ఎవరైనా అంటే అది అమెరికా సంగతి. ఇక్కడి లైసెన్సు వేరే ఉండాలి.

డాక్టరుగారిని ఇలా అడగండి: "సార్, మా పాప వయసుకి, ఈ వంపుకి వాడడానికే ఇది అనుమతి పొందిందాండీ? కాకపోతే ఎందుకు వాడుతున్నారు?" అనుమతిలో రాసినదానికి బయట వాడడం ప్రతిసారీ తప్పేమీ కాదు. పిల్లల వైద్యంలో అది ఉంటుంది. అయితే ఆ మాట మీకు ముందే చెప్పాలి, సంతకం పెట్టే కాగితంలో రాయాలి. మంచి సర్జన్ ఈ ప్రశ్నకి కోపం తెచ్చుకోరు. కోపం వస్తే ఇంకో సర్జన్ అభిప్రాయం కూడా తీసుకోమని నేను గట్టిగా చెబుతాను.

4. బిడ్డ ఒంటిని ముందుగా సిద్ధం చేయండి

ఇన్ఫెక్షన్‌కి సగం దారి ఇంట్లోనే మూసేయొచ్చు.

వీపు, మెడ, నడుము బాగా వెలుతురులో చూడండి. మన తేమకి పిల్లల నడుం దగ్గర తామర, చెమట పొక్కులు, ఈడొచ్చిన పిల్లల వీపు మీద మొటిమలు చాలా మామూలు. మీకు మామూలైనా, కోత పెట్టే చోట అవి ఉండకూడదు. నెల ముందే చర్మం డాక్టరుకి చూపించి తగ్గించండి. తలలో పేలు, పుచ్చిపళ్లు కూడా చూపించండి. రక్తం తక్కువుందేమో పరీక్ష చేయించండి. ఎదిగే ఆడపిల్లల్లో ఇది ఎక్కువ. ఐరన్ మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుంది కాబట్టి ముందురోజు చూసుకుంటే లాభం లేదు.

లంక గ్రామాలవాళ్లకి ఒక మాట. వీలుంటే జూలై, ఆగస్టుల్లో తేదీ పెట్టుకోకండి. వరదొచ్చి పడవ తప్ప దారి లేనప్పుడు పచ్చి గాయంతో ఉన్న బిడ్డని దాటించడం, ఆసుపత్రికి తిరిగి తీసుకెళ్లడం చాలా కష్టం. తేదీ మార్చడం కుదరకపోతే గాయం మానేదాకా గట్టుకి ఇవతల బంధువుల ఇంట్లో ఉండండి.

5. ఆపరేషన్ థియేటర్ గురించి నాలుగు ప్రశ్నలు

మొదటిది: వెన్నుపాము సంకేతాలు చూసే న్యూరో మానిటరింగ్ పెడుతున్నారా? స్క్రూలు బిగించి వెన్నుని సరిచేసేటప్పుడు కాళ్లకి వెళ్లే సంకేతం తగ్గితే అది వెంటనే చెబుతుంది. చాలాచోట్ల ఆ మెషీనూ మనిషీ బయటినుంచి వస్తారు, ఫీజు వేరే ఉంటుంది. బిల్లు తగ్గుతుందని దీన్ని మాత్రం వద్దనకండి. ఏ కారణం చేతైనా మెషీన్ లేకపోతే, మధ్యలో మత్తు తేల్చి బిడ్డ చేత పాదాలు కదిలించి చూసే పద్ధతి ఉంది. అది చేస్తారేమో అడగండి.

రెండోది: ఇంప్లాంట్లు విడివిడిగా సీలు ప్యాకెట్లలో వస్తాయా, సెట్టులోంచి తీస్తారా? సెట్టు అంటే కంపెనీ మనిషి తెచ్చే స్టీలు పెట్టె. అందులో రకరకాల సైజుల స్క్రూలు వరసగా గుచ్చి ఉంటాయి. ఆసుపత్రిలో ఆవిరి యంత్రంలో పెట్టి శుభ్రం చేశాక వాడతారు. తప్పేమీ లేదు. కానీ సెట్టు ముందురోజే రావాలి, పూర్తిగా స్టెరిలైజ్ కావాలి. మూడోది: రక్తం ఎన్ని యూనిట్లు కావాలి, ఎవరివ్వాలి? నాలుగోది: ఇంప్లాంట్ల బ్యాచ్ నంబర్లు ఎవరు రాస్తారు, మాకు ఎప్పుడిస్తారు?

ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేయించుకునేవాళ్లు తమ కేసు ప్యాకేజీలో ఉందో లేదో, ఇంప్లాంట్ ఖర్చు అందులోదేనా అన్నది ఆసుపత్రిలోని వైద్యమిత్రతో ముందే తేల్చుకోండి. ఉచితంగా చేయించుకున్నా ఈ ప్రశ్నలన్నీ అడిగే హక్కు మీకుంది. ఉచితం కదా అని నోరు మూసుకోకండి.

6. డిశ్చార్జి రోజు: కాగితాలు లేకుండా కదలకండి

ఈ మెట్టు దగ్గరే అందరూ తడబడతారు. ఇంటికెళ్లే తొందర, బిల్లు హడావిడి, బయట కారు ఎదురుచూస్తుంటుంది. ఆగండి. ఇవి చేతిలో ఉన్నాయో లేదో చూడండి:

- డిశ్చార్జి సమ్మరీ
- ఆపరేషన్ నోట్స్. ఇది సమ్మరీ కాదు, వేరే కాగితం. అడిగితేనే ఇస్తారు.
- ఇంప్లాంట్ స్టిక్కర్లు లేదా జాబితా: కంపెనీ, ఐటెం పేరు, సైజు, లోహం, లాట్ నంబరు (బ్యాచ్ నంబరు అన్నా ఇదే), లైసెన్సు నంబరు
- ఇంప్లాంట్ల బిల్లు
- ఆపరేషన్ తర్వాత నిలబెట్టి తీసిన ఎక్స్-రేలు, ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, సీడీతో సహా

సెట్టులోంచి తీసినవాటికి స్టిక్కర్లు ఉండవు. "స్టిక్కర్లు రావండి" అని నర్సు చెబితే నిజమే కావచ్చు. అయితే లాట్ నంబరు స్క్రూ మీదే చెక్కి ఉంటుంది, కంపెనీ చలానాలోనూ ఉండాలి. ఆ చలానా నకలు అడగండి.

ఇప్పుడు సరిచూసుకోవడం. ఎక్స్-రేని కిటికీకి ఎదురుగా పట్టుకోండి. రెండు పొడుగు రాడ్లు, వాటికి అటూ ఇటూ స్క్రూలు తెల్లగా కనిపిస్తాయి. పై నుంచి కిందికి వేలు పెట్టి ఒక్కో పక్కా లెక్కపెట్టి రాసుకోండి. ఆపరేషన్ నోట్స్‌లో ఎన్ని రాశారో, బిల్లులో ఎన్ని ఉన్నాయో చూడండి. మూడూ కలవాలి. ఇక్కడ చాలామంది కంగారుపడతారు. ఎక్స్-రేలో 16 ఉంటే బిల్లులో 32 కనిపిస్తాయి. ప్రతి స్క్రూకీ రాడ్డుని బిగించే చిన్న ఇన్నర్ స్క్రూ ఒకటి ఉంటుంది, దాన్ని వేరే లైనులో రాస్తారు. అది మోసం కాదు. సైజు కుదరక వేసి తీసేసిన స్క్రూ కూడా బిల్లులోకి రావచ్చు, వచ్చిందేమో అడగండి. అప్పటికీ తేడా ఉంటే రాతపూర్వకంగా వివరణ తీసుకోండి.

ఆసుపత్రి ఇవ్వనంటే? 2002 నాటి వైద్యుల వృత్తి నిబంధనల ప్రకారం, రోగి తరఫున రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అదే నిబంధనల్లో ఇంకో మాట ఉంది. రికార్డుని వాళ్లు దాచాల్సింది చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లే. మీ బిడ్డ ఒంట్లో ఆ రాడ్లు జీవితాంతం ఉంటాయి. అందుకే అసలు ఫైలు మీ దగ్గర ఉండాలి.

మన తేమకి ఎక్స్-రే ఫిల్ములు ఒకదానికొకటి అంటుకుపోతాయి. మధ్యలో కాగితం పెట్టి, ఇంట్లో ఎత్తయిన చోట ఉంచండి. అన్నిటికీ ఫోటో తీసి మీ మెయిల్‌కి పంపుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అక్షరాలు మసకబారతాయి.

7. ఇంటికొచ్చాక

ప్రయాణం రైల్లో అయితే కింది బెర్త్, కారులో అయితే ముందు సీటు వెనక్కి వాల్చి, మధ్యలో ఆగుతూ రండి. గట్టు రోడ్ల గతుకుల్లో ఆటో, బైకు ఎక్కించడం డాక్టరు ఒప్పుకునేదాకా వద్దు. గాయం పూర్తిగా మానేదాకా కాలువ స్నానం, చెరువు స్నానం అసలే వద్దు. గాయం మీద పసుపు, పసరు రాయకండి. నీళ్ల బిందె, బరువైన బడిసంచి ఎత్తనివ్వకండి. బడికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో పంపమంటారు. ఆటలకి మాత్రం నెలలు ఆగాలి.

పిల్ల మంచానికే అతుక్కోవడమూ మంచిది కాదు. నడవాలి. భయంతో ఆరునెలలు పడుకోబెట్టిన ఇళ్లు చూశాను, ఆ పిల్లల కండ బలం తిరిగి తేవడానికి చాలా కష్టపడాల్సి వచ్చింది.

వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాల్సినవి: జ్వరం, గాయం నుంచి చీము లేదా నీరు, కాళ్లలో కొత్తగా బలహీనత లేదా తిమ్మిరి, మూత్రం పట్టు తప్పడం. సన్నగా ఉన్న పిల్లల్లో ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో ఆగకుండా పచ్చటి వాంతులైతే అది గ్యాస్ కాదు. వెన్ను ఒక్కసారిగా నిటారైనప్పుడు లోపల పేగు నొక్కుకుపోవచ్చు. సోడా తాగించి ఊరుకోకుండా తీసుకెళ్లండి.

8. ఏళ్లు గడిచాక

నొప్పి లేదని చెకప్ మానేయకండి. మొదటి ఏడాదిలో మూడు నాలుగు సార్లు, తర్వాత డాక్టరు చెప్పినట్టు ఎక్స్-రే ఉండాలి. మధ్యలో మీరు చేయగలిగింది నెలకోసారి వీపు ఫోటో. అదే గోడ ముందు, అదే దూరం నుంచి, కాళ్లు కలిపి నిలబెట్టి తీయండి. భుజాలు, నడుం మడతలు పాత ఫోటోతో పోల్చండి. హాయిగా ఉన్న పిల్లకి కొత్తగా నొప్పి మొదలైనా, టక్కుమని శబ్దం వచ్చినా, ఒంపు మళ్లీ కనిపించినా రాడ్డు విరిగిందేమో చూపించాలి.

ఇంకొకటి, చాలా ముఖ్యం. ఆపరేషన్ అయిన రెండేళ్లకో నాలుగేళ్లకో మచ్చ మీద చిన్న పొక్కులాంటిది లేస్తుంది. సెగ్గడ్డ అనుకుని ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర కోయిస్తారు, నాలుగు రోజులు యాంటీబయాటిక్ వాడతారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ లేస్తుంది. లోహం మీద నెమ్మదిగా పెరిగే క్రిములుంటాయి. పైకి కనిపించేది పొక్కు, మూలం రాడ్డు దగ్గర ఉండొచ్చు. మచ్చ మీద లేచే ఏ పొక్కునీ ఊళ్లో కోయించకండి, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే సర్జన్‌కి చూపించండి. మందు ముందే వాడేస్తే ఆ క్రిమి పరీక్షలో దొరక్కపోవచ్చు. అలాగే ఈ పిల్లల వెన్నుని బెణుకు తీసేవాళ్ల చేత విరిపించడం, కట్టు కట్టించడం ఎప్పటికీ వద్దు.

ఎంఆర్ఐ తీసే ముందు ఇంప్లాంట్ కాగితం చూపించాలి. టైటానియం రాడ్లతో సాధారణంగా తీయొచ్చు. అయస్కాంతం రాడ్లున్న పిల్లల సంగతి వేరు, సర్జన్‌ని అడగకుండా ఆ గదిలోకి పంపకండి.

"పెద్దయ్యాక తీయించేయాలాండీ?" ఫ్యూజన్ అయ్యాక ఇబ్బంది పెట్టకపోతే తీయక్కర్లేదు.

"పెళ్లవుతుందా, పిల్లలు పుడతారా?" పుడతారు. కానీ సంబంధాలు తప్పిపోతాయని ఫైలు చింపేసిన ఇళ్లున్నాయి, అత్తారింటికి చెప్పొద్దని పిల్ల చేత ఒట్టేయించుకున్న ఇళ్లూ ఉన్నాయి. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఇది పిల్లకే ముప్పు. కాన్పులో ఆపరేషన్ అవసరమైతే నడుములో మత్తు సూది ఇస్తారు. రాడ్లు నడుం కింది దాకా ఉంటే ఆ సూది కష్టం కావచ్చు. ఏ ఎముక నుంచి ఏ ఎముక దాకా ఫ్యూజన్ అయిందో మత్తు డాక్టరుకి ముందే తెలియాలి. ఆపరేషన్ నోట్స్ ఒక నకలు పిల్లకే ఇచ్చి, అందులో ఏముందో తనకి అర్థమయ్యేలా చెప్పండి.

9. ఇంప్లాంట్‌లో లోపం బయటపడితే

విరిగిన రాడ్డో, ఊడిన స్క్రూనో తీసేయాల్సి వస్తే, తీసిన ముక్కని పారేయొద్దని ఆపరేషన్‌కి ముందే రాసివ్వండి. దాని ఫోటో, దాని మీది నంబరు అడగండి. తప్పు లోహానిదా, అతకని ఎముకదా అని తేలాలంటే ఆ ముక్క కావాలి.

ఇలాంటివి నమోదు చేయడానికి మన దేశంలో 2015 నుంచి మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూస్తుంది. డాక్టర్లే కాదు, రోగి ఇంట్లోవాళ్లూ ఫిర్యాదు చేయొచ్చు. ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024, పనిదినాల్లో పగటిపూట చేయండి. చాలా మెడికల్ కాలేజీల్లో కూడా ఈ ఫారం తీసుకునేవాళ్లు ఉంటారు. ఫోన్ చేసేటప్పుడు ఫైలు ఎదురుగా పెట్టుకోండి. కంపెనీ పేరు, ఐటెం పేరు, లాట్ నంబరు, వేసిన తేదీ, తేడా కనిపించిన తేదీ అడుగుతారు. ఫిర్యాదు నమోదయ్యాక వాళ్లిచ్చే నంబరు ఆ ఫైలు మొదటి పేజీ మీదే రాసుకోండి.